సముద్రపు నాచు ద్రావణం: పురుగును తరుముతుందా, పైరును గట్టిపరుస్తుందా?

ఆగస్టు నెల వచ్చేసరికి దేవరకొండ, కల్వకుర్తి వైపు ఎర్ర చల్కా నేలల్లో వేసిన పత్తికి నలభై, నలభై ఐదు రోజుల వయసు ఉంటుంది. వాన వారం పది రోజులు మొహం చాటేసి, మబ్బు మాత్రం కమ్ముకొని, గాలిలో తేమ నిలిచిన రోజుల్లో పత్తి ఆకు అంచులు మొదట లేత పసుపుకు తిరుగుతాయి. తరువాత కిందికి ముడుచుకుంటాయి. ఆపైన అంచు వెంట ఎరుపెక్కి, నిప్పు సెగ తగిలినట్టు ఎండిపోతాయి. అలాంటి ఆకును మెల్లగా వెనక్కి తిప్పి చూస్తే, ఈనెల పక్కన లేత ఆకుపచ్చ రంగు పిల్ల పురుగులు ఎండ్రకాయ నడిచినట్టు అడ్డంగా జరుగుతూ కనిపిస్తాయి. అదే పచ్చదోమ. దానికి మందు కోసం దుకాణానికి వెళ్లిన రైతు చేతికి ఇప్పుడు దోమ మందుతో పాటు ఇంకో సీసా కూడా వస్తోంది. ముదురు గోధుమ రంగులో, చిక్కగా, సముద్రపు వాసన వేసే ఆ సముద్రపు నాచు ద్రవాన్ని అందరూ ‘సీవీడ్’ అనే అంటారు. ‘ఇది కొడితే చేను పచ్చబడుతుంది, దోమ కూడా దగ్గరికి రాదు’ అన్న మాట ఆ సీసాతో పాటే ఇంటికి చేరుతుంది.

ఆ మాటలో మొదటి సగానికి ఆధారం ఉంది. రెండో సగం మాత్రం అలా ఒక్క ముక్కలో తేల్చి చెప్పదగింది కాదు. సముద్రపు నాచుల్లో కీటకాలకు సరిపడని రసాయనాలు ఉన్నమాట నిజమే. అయితే అవి ఏ నాచులో ఉన్నాయి, ఏ పద్ధతిలో తీస్తే బయటికి వస్తాయి, అంగట్లో దొరికే సీసాలోకి అవి చేరుతున్నాయా లేదా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వీటిని కలిపేసి చూస్తే పోయేది సీసా ఖరీదు ఒక్కటే కాదు, పైరుకు విలువైన వారం రోజుల సమయం కూడా పోతుంది. పచ్చదోమ ఉధృతి మీద ఉన్నప్పుడు ఆ వారంలోనే చేను రంగు మారిపోతుంది.

‘పురుగును ఆపడం’ అనే మాట కింద నిజానికి నాలుగు రకాల పనులు ఉన్నాయి. వాసనతో పురుగును ఆకు మీద వాలనివ్వకుండా చేసేది వికర్షకం. వాలిన పురుగు రుచి చూసి తినడం మానేసేలా చేసేది మరొకటి. లోపలికి వెళ్లాక చంపేది విషం. ఇక నాలుగోది పురుగు జోలికి పోకుండా మొక్కనే ముందుగా సిద్ధం చేసి ఉంచేది. తెలంగాణ రైతుకు బాగా తెలిసిన వేప గింజల కషాయం ప్రధానంగా రెండో పని చేస్తుంది. దానితో పాటు పిల్ల పురుగు కుబుసం విడిచి పెరగకుండా అడ్డుపడుతుంది. 1959లో సూడాన్‌లో మిడతల దండు చుట్టుపక్కల చెట్లన్నీ మేసినా వేప చెట్లను మాత్రం వదిలేయడాన్ని ఒక జర్మన్ కీటక శాస్త్రవేత్త గమనించిన తరువాత వేపపై ఆధునిక పరిశోధన ఊపందుకుంది. అందులో పనిచేసే అజాడిరక్టిన్ నిర్మాణం పూర్తిగా తేలడానికి 1980ల దాకా పట్టింది. ఎన్ని పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) ఉంటే ఏ పురుగు మీద ఎంత పనిచేస్తుందో ఈ రోజు సీసా మీద రాసి అమ్మగలుగుతున్నారంటే దాని వెనుక అంత పని ఉంది. సముద్రపు నాచు విషయంలో శాస్త్రం ఇంకా ఆ దారి మొదటి మజిలీల్లోనే ఉంది.

నాచులో అసలు అలాంటి రసాయనాలు ఎందుకుంటాయన్నది ఆసక్తికరమైన సంగతి. రాతికి అతుక్కొని పెరిగే నాచు చేప వచ్చినా, నత్త వచ్చినా పారిపోలేదు. కాబట్టి తనను మేసేవాటికి నోరు చేదయ్యేలా, అరుగుదల చెడేలా కొన్ని పదార్థాలను ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. గోధుమ రంగు నాచుల్లో ఫ్లోరోటానిన్లు ఉంటాయి. ఇవి కరక్కాయలో, తుమ్మ బెరడులో నోటికి వగరు తగిలించే టానిన్లను పోలిన పని చేస్తాయి. డిక్టియోటా జాతి గోధుమ నాచుల్లో టెర్పీన్లనే జిడ్డు స్వభావపు పదార్థాల్లో ఒక రకమైన డైటెర్పీన్లు ఉంటాయి. లారెన్సియా, ప్లోకామియం వంటి ఎర్ర నాచులు ఇంకో అడుగు ముందుకేసి, సముద్రపు నీటిలో దొరికే క్లోరిన్‌ను, బ్రోమిన్‌ను తమ టెర్పీన్లకు, ఇతర కర్బన పదార్థాలకు జోడించుకుంటాయి. వీటిలో కొన్ని ప్రయోగశాలలో కీటకాలను చంపగలిగాయి.

ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి భయం లేదనుకునేవారు ఒక ఉదాహరణ తప్పక తెలుసుకోవాలి. దక్షిణ జపాన్ దీవుల్లో దొరికే కాండ్రియా అనే ఎర్ర నాచుకు ఈగలను చంపే గుణం ఉందని అక్కడివారికి తెలుసు. ఆ గుణానికి కారణం డోమోయిక్ ఆమ్లమని తరువాత తేలింది. బొద్దింకల మీద కూడా అది గట్టిగా పనిచేసింది. అదే డోమోయిక్ ఆమ్లం 1987లో కెనడా తూర్పు తీరంలో ఆల్చిప్పల మాంసం ద్వారా మనుషుల ఒంట్లోకి చేరి వంద మందికి పైగా అస్వస్థులను చేసింది, కొందరి ప్రాణం తీసింది, బతికిన కొందరికి జ్ఞాపకశక్తిని దెబ్బతీసింది. పురుగు నరాల మీద పనిచేసే పదార్థం మనిషి నరాలను విడిచిపెట్టాలన్న నియమమేమీ లేదు. సముద్రం నుంచి వచ్చినా, చెట్టు నుంచి వచ్చినా, కర్మాగారం నుంచి వచ్చినా చేనులో చల్లే ప్రతి పదార్థాన్నీ ఒకే కొలతతో పరీక్షించాలి.

మన దేశంలో కూడా నాచులపై ఈ కోణంలో పని జరిగింది. తమిళనాడు తీరంలో దొరికే సర్గాసం, పాడినా వంటి గోధుమ నాచుల సారాలను పత్తి కాయల మీద గుంపులుగా చేరే ఎర్రని పత్తి నల్లి అనే రసం పీల్చే పురుగు పైన పరీక్షించి, పిల్ల పురుగులు చనిపోవడం, గుడ్లు తగ్గడం గమనించారు. ఈ ఫలితాలు చదివేటప్పుడు పరీక్ష ఎలా చేస్తారో కళ్లకు కట్టించుకుంటే మేలు. ఆకు తినే పురుగుల మీద ఇలాంటి పరీక్షకు గుండ్రని గాజు పళ్లెంలో తడి కాగితం పరుస్తారు. ఆముదపు ఆకు నుంచి రూపాయి బిళ్లంత ముక్కలు రెండు కత్తిరించి, ఒకదాన్ని నాచు సారంలో, రెండోదాన్ని సారం కలపని ద్రావకంలో ముంచి ఆరబెడతారు. రెండింటి నడుమ కొన్ని గంటలు పస్తుంచిన పొగాకు లద్దె పురుగును వదిలి, మర్నాడు ఏ ముక్క ఎంత మేర తిన్నదో కొలుస్తారు. సారం పూసిన ముక్కను వదిలేసి రెండో దాన్ని కొరికి జల్లెడ చేస్తే ఆ సారానికి తిండి మాన్పించే గుణం ఉందంటారు.

ఈ పరీక్ష తప్పు కాదు, అయితే చేను గాజు పళ్లెం కాదు. పళ్లెంలో పురుగుకు రెండో ముక్క ఉంది. పది ఎకరాల పత్తికి ఒకే ద్రావణం కొట్టినప్పుడు దానికి వేరే దారి లేదు. ఆకలి ముదిరితే నచ్చని ఆకునూ తింటుంది. పైగా పళ్లెం మీద ఎండ పడదు, వాన పడదు. అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది: ఇలాంటి పరీక్షల్లో సారాన్ని తరచుగా మిథనాల్, అసిటోన్, క్లోరోఫాం వంటి ద్రావకాలతో తీస్తారు, ఎందుకంటే టెర్పీన్ల వంటి జిడ్డు స్వభావం గల పదార్థాలు నీటిలో సరిగా కరగవు. అంగట్లోని సీసా అలా తయారు కాదు.

అది ఎలా తయారవుతుందో చూస్తే అసలు విషయం బోధపడుతుంది. మన దేశంలో సాగయ్యే నాచుల్లో ముఖ్యమైనది కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు. తమిళనాడులో రామనాథపురం జిల్లా మండపం ప్రాంతంలో వెదురు తెప్పలకు కట్టి దీన్ని పెంచుతారు. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ, తాజా నాచును చెరకు గానుగ పట్టినట్టు నలిపి, రసాన్ని పంటలకు, మిగిలిన పిప్పిని కారజీనన్ అనే జిగురు పదార్థం తయారీకి వాడే పద్ధతిని రూపొందించింది. ఆ రసంలో పొటాషియం, ఇతర లవణాలు, అతి కొద్ది మోతాదులో మొక్కల పెరుగుదల హార్మోన్లు ఉంటాయి. కెనడా, ఐర్లాండ్, నార్వే తీరాల చల్లని నీటిలో పెరిగే ఆస్కోఫిల్లం అనే గోధుమ నాచుతో చేసే ద్రావణాలు మరో రకం. వీటిలో చాలావాటిని పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో ఉడికించి తీస్తారు. అలా ఉడికినప్పుడు ఆల్జినేట్ అనే జిగురు పదార్థం, మానిటాల్, బీటైన్లు, పొటాష్ ద్రవంలోకి దిగుతాయి. వాసనతో పురుగును తరిమేంత తేలికైన పదార్థాలు ఆ వేడికి, ఆ క్షారానికి నిలవడం కష్టం. కాబట్టి వికర్షక గుణం ఉన్నదని పరిశోధన చెప్పిన నాచు ఒకటి, దాన్ని తీసిన పద్ధతి ఒకటి, రైతు కొంటున్న నాచూ పద్ధతీ వేరొకటి. పేరు ఒక్కటే ఉమ్మడి.

అలాగని సీసాలోని ద్రావణానికి పురుగుతో ఏ సంబంధమూ లేదనడం కూడా తొందరపాటే. ఇక్కడే నాలుగో పని ముందుకు వస్తుంది. గోధుమ నాచులోని లామినారిన్, ఎర్ర నాచులోని కారజీనన్, ఆకుపచ్చ నాచులోని ఉల్వాన్ అనే చక్కెర గొలుసులు ఆకు మీద పడినప్పుడు, తనపై ఏదో దాడి మొదలైందన్న సంకేతంగా మొక్క వాటిని గుర్తిస్తుంది. దానికి స్పందనగా లోపల జాస్మోనిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం దారుల్లో రక్షణ ఏర్పాట్లు కదులుతాయి. జాస్మోనిక్ దారి తెరుచుకుంటే ఆకులో పురుగు జీర్ణశక్తిని దెబ్బతీసే ప్రొటీన్లు పెరుగుతాయి; ఆకును తిన్న పురుగు చావకపోయినా నెమ్మదిగా, బక్కగా పెరుగుతుంది. అరబిడాప్సిస్ అనే ప్రయోగ మొక్క మీద కారజీనన్ చల్లి చూసినప్పుడు క్యాబేజీ పచ్చ పురుగు చేసే నష్టం కారజీనన్ రకాన్ని బట్టి మారింది. లామినారిన్‌ను ఐరోపాలో మొక్కల రక్షణ పదార్థంగా గుర్తించారు, కాని అక్కడ దాని వాడకం ఎక్కువగా తెగుళ్ల మీద.

ఇందులో ఒక మెలిక ఉంది. సాలిసిలిక్ దారి ఎక్కువగా తెగుళ్లకు, జాస్మోనిక్ దారి ఎక్కువగా ఆకు కొరికి తినే పురుగులకు పనికొస్తుంది. చాలా మొక్కల్లో ఒకటి బలంగా తెరుచుకుంటే రెండోది కొంత మూసుకుపోతుంది. అంటే ఒకే ద్రావణం తెగులుకూ, లద్దె పురుగుకూ, దోమకూ సమానంగా పనిచేస్తుందన్న ప్రచారం మొక్క లోపలి లెక్కకే పొసగదు. పైగా ఈ సిద్ధపాటుకు సమయం పడుతుంది. ఆకు అడుగున పచ్చదోమ పిల్ల పురుగులు సగటున ఆకుకు రెండు దాటిన తరువాత, అంటే చర్య తీసుకోవలసిన హద్దు వచ్చాక, మొక్కను తయారు చేయడం మొదలుపెడితే అది దోమ వేగాన్ని అందుకోలేదు.

మరి ‘కొట్టినం, దోమ తగ్గింది’ అని చెప్పే రైతులు చూసింది ఏమిటి? వారు చూసింది అబద్ధం కాదు. బెట్ట తరువాత పడిన ఒక గట్టి వాన ఆకుల మీది దోమను, పేనుబంకను కడిగేస్తుంది. సీవీడ్‌తో పాటు అదే ట్యాంకులో దోమ మందు కూడా కలిసి ఉంటుంది. ద్రావణంలోని పొటాష్, ఇతర పోషకాలు బెట్టకు వాడిన మొక్కకు కొంత ఊపిరి ఇచ్చి కొత్త చిగురు తెప్పిస్తాయి. ఆ పచ్చదనం చూసిన కంటికి దోమ పోయినట్టే అనిపిస్తుంది. ఈ మూడింటిలో ఏది ఎంత పని చేసిందో వేరు చేసి చూడందే నాచుకు పేరు కట్టబెట్టలేం. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. యూరియా ఎక్కువగా వేసి, దాని మీద టానిక్ మీద టానిక్ కొట్టిన చేను లేతగా, నీరుగా పెరుగుతుంది. లేత ఆకు, నత్రజని నిండిన రసం పచ్చదోమకు, తెల్లదోమకు విందు. పచ్చదనమే లక్ష్యంగా చేసే పిచికారీ కొన్నిసార్లు పిలవని చుట్టాన్ని పిలిచినట్టవుతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును 2021 ఫిబ్రవరిలో సవరించి, సముద్రపు నాచు సారాలను ‘బయోస్టిమ్యులెంట్ల’ జాబితాలో చేర్చారు. మొక్క ఎదుగుదలకు, పోషకాలు తీసుకునే శక్తికి, బెట్ట వంటి ఒత్తిడిని తట్టుకోవడానికి సాయపడేవే ఆ జాబితాలోకి వస్తాయి. పురుగుమందులు అందులోకి రావని ఆ నిర్వచనమే చెబుతుంది. అలాంటి ద్రావణంలో పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం దాటకూడదన్న షరతు కూడా ఆ 2021 సవరణలో పెట్టారు. పురుగును చంపుతుందని, తరుముతుందని చెప్పి అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద వేరే నమోదు కావాలి. వేప మందుల సీసాల మీద ఆ నమోదు సంఖ్య, విష తీవ్రతను చూపే రంగు గుర్తు ఉంటాయి. సీవీడ్ సీసా మీద అవి లేకుండా ‘దోమ దగ్గరికి రాదు’ అని నోటిమాటగా చెబితే ఆ మాటకు సీసా జవాబుదారీ కాదు. ‘బయో’ పేరుతో అమ్మిన కొన్ని మందుల్లో రసాయన పురుగుమందులు బయటపడిన సందర్భాలు తెలుగు నేల మీద ఉన్నాయి కాబట్టి, నాచు ద్రావణం కొట్టిన మర్నాడే పురుగు గుట్టలుగా రాలితే సంతోషించే ముందు అనుమానించాలి. నాచు అంత వేగంగా పనిచేయదు.

దక్షిణ తెలంగాణలో దీనికి తోడు నీటి చిక్కు ఉంది. పిచికారీకి వాడేది ఎక్కువగా బోరు నీరే. కాల్షియం ఎక్కువున్న గట్టి నీటిలో గోధుమ నాచు ద్రావణం కలిపితే అందులోని ఆల్జినేట్ కాల్షియంతో కలిసి జిగురు ముద్ద కట్టే అవకాశం ఉంది. తైవాన్ పంపు నాజిల్ పదే పదే పూడుకుపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఒక గాజు గ్లాసులో చేను బోరు నీరు తీసుకొని, చెంచాడు ద్రావణం కలిపి అరగంట కదపకుండా ఉంచితే సంగతి తెలిసిపోతుంది: అడుగున గోధుమ రంగు పొరలు, దారాలు కనిపిస్తే ఆ నీరు దానికి పనికిరాదు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల సమస్య వేరు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిలో మామూలుగా కాల్షియం తక్కువ, బైకార్బనేట్ ఎక్కువ. నీరు క్షార స్వభావంతో ఉంటుంది. క్షారంతో తీసిన నాచు ద్రావణాన్ని ఆ నీటిలోనే వేప మందుతో కలిపి ట్యాంకులో పోస్తే అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది. మలాథియాన్ వంటి మందులూ క్షారంలో నిలవవు. రెండూ మంచివే కదా అని కలిపి కొట్టినప్పుడు పురుగు మీద నిజంగా పనిచేసే వేపే ముందు బలైపోతుంది. విడివిడిగా, వేర్వేరు రోజుల్లో కొట్టుకోవడమే సరైన పద్ధతి. పోగుచేసిన వాన నీరు దొరికితే ఇంకా మేలు.

తీరం నుంచి ఎండు నాచు తెప్పించి ఇంటి దగ్గర డ్రమ్ములో నానబెట్టాలనుకునే సేంద్రియ రైతులు ఉప్పు సంగతి మరవకూడదు. సరిగా కడగని నాచులో సోడియం, క్లోరైడ్ దండిగా ఉంటాయి. నల్లగొండ బత్తాయి క్లోరైడ్‌ను అసలు ఓర్చుకోదు. ఆకు కొసలు మాడుతాయి, ఆకు రాలుతుంది. చౌడు తగిలిన నేలకు అదనపు ఉప్పు ఇవ్వడం కూడా ఎవరికీ మంచిది కాదు.

పంటల వారీగా చూస్తే దీని చోటు ఎక్కడో కొంత తేలుతుంది. గులాబీ రంగు పురుగు గుడ్డు నుంచి బయటికి వచ్చిన కొద్ది సమయంలోనే మొగ్గలోకో, కాయలోకో దూరిపోతుంది. బయట ఏ వాసన ఉన్నా లోపల ఉన్నదానికి పట్టదు. దానికి లింగాకర్షక బుట్టలు, పురుగు పట్టి విచ్చుకోని గుడ్డి పూలను ఏరివేయడం, పంట చివర మోళ్లను చేనులో ఉంచకపోవడమే దారి. 2021 చివరలో మిర్చి తోటలను ముంచెత్తిన నల్ల తామర పురుగు పూల లోపల దాక్కుంటుంది. అంత ఉధృతిలో నాచు ద్రావణాన్ని నమ్ముకోవడం ప్రమాదం. పత్తి నల్లి కాదు గాని, సాలీడు జాతికి చెందిన చిన్న నల్లుల విషయంలో మాత్రం చిన్న ఆశ ఉంది. 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆస్కోఫిల్లం ద్రావణం కొట్టిన స్ట్రాబెర్రీ మొక్కల మీద రెండు మచ్చల ఎర్రనల్లి తగ్గింది. బత్తాయి కాయకు మంగు తెచ్చేది వేరే నల్లి కాబట్టి ఆ ఫలితాన్ని ఇక్కడికి ఎత్తి తెచ్చుకోలేం, కాని కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన స్థానం వంటిది చేతికి తీసుకోదగిన ప్రశ్న అది. ఆముదం దాసరి పురుగు మీద, పల్లి ఆకుముడత మీద పాలెం పరిశోధన స్థానం వంటివి ఇక్కడి నేలలో, ఇక్కడి నీటితో పరీక్షలు చేస్తే రైతుకు అక్కరకొచ్చే జవాబు వస్తుంది. గాజు పళ్లెం నుంచి చల్కా నేలకు మధ్య ఉన్న దూరాన్ని దాటించవలసింది వాళ్లే.

అప్పటిదాకా నాచు ద్రావణాన్ని టానిక్‌గా, అదీ పురుగు రాకముందు, పైరు బెట్టకు లోనవబోయే దశలో వాడుకుంటే దాని నుంచి రాబట్టగలిగింది రాబట్టినట్టే. దోమ హద్దు దాటిన రోజున చేతిలో ఉండవలసింది వేప గింజల కషాయమో, నమోదైన మందో. కషాయానికి కావలసిన గింజలు జూన్‌లో ఊరి వేప చెట్ల కిందే రాలి ఉంటాయి. ఐదు కిలోల గింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంత సబ్బు పొడి చేర్చి వంద లీటర్లు చేసుకోవచ్చు.

నాచు పనిచేసిందో లేదో స్వయంగా తేల్చుకోవాలనుకునే రైతుకు ఖర్చులేని దారి ఒకటుంది. చేనులో నాలుగు సాళ్లకు నాచు ద్రావణం, పక్క నాలుగు సాళ్లకు ఉత్త నీరు కొట్టాలి. వేరే ఏ మందూ కలపకూడదు. చేను అంచు సాళ్లు దీనికి పనికిరావు, దోమ అక్కడికి పక్క చేను నుంచి కూడా వస్తుంది. పిచికారీకి ముందు రోజు, తరువాత మూడో రోజు, ఏడో రోజు పొద్దున్నే రెండు చోట్లా ఇరవయ్యేసి మొక్కల్లో పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి చొప్పున ఆకులు తిప్పి పిల్ల పురుగులను లెక్కపెట్టి రాసుకోవాలి. ఎండ ఎక్కితే దోమ కదలిక పెరిగి లెక్క తప్పుతుంది. వాన పడిన రోజును ఆ కాగితం మీదే గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే వాన రెండు వైపులా సమానంగానే కడుగుతుంది. నీరు కొట్టిన సాళ్లలో కూడా దోమ అంతే తగ్గి ఉంటే తగ్గించింది నాచు కాదు.